బుడగల మీద గడ్డం

ఎల్డన్ గడ్డం గీయించుకుని రెండేళ్లు కావస్తోంది. దేవుడి పిచ్చి పట్టిందని ప్రేరీఫోర్డ్ ఊళ్లో కొందరు, మతి చలించిందని మరికొందరు చెప్పుకున్నారు. రెండూ కావు, వట్టి మొండితనం. ఇరవై ఏళ్లుగా అతని గొంతు మీద కత్తి పెట్టిన చెయ్యి ఒక్కటే, ఊరి మంగలి ఆర్లిస్ కుడిచెయ్యి. గింజలు కొనబోయిన రోజు ఆ చేతిని బాయ్సెన్ విత్తనాల కొట్టులో సరుకు దింపే ఇనుప పలక నలిపేసింది. పలకని పట్టి ఉంచే గొలుసు అరిగిపోయిందని పనివాళ్లు చెబుతున్నా బాయ్సెన్ చెవిన పెట్టుకోలేదు. ఆర్లిస్ మళ్లీ కత్తి పట్టేదాకా ఇంకెవరి ముందూ గడ్డం ఎత్తనని ఎల్డన్ ఒట్టు పెట్టుకున్నాడు. అతని భార్య ఉంటే ఆ ఒట్టు ఒక్క పూటలో గట్టున పెట్టించేది. ఆవిడ పోయి చాలా కాలమైంది.

మంగళవారం ఉదయం షాపు తలుపు తీస్తూనే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"తల మాత్రమే. గడ్డం జోలికి రాకు."

"రానులే. అందులో పిచ్చుకలు పిల్లల్ని పెట్టుకున్నాయేమో, వాటి ఉసురు నాకెందుకు?" అంది ఆర్లిస్.

తెల్లగుడ్డ అతని మెడకి చుట్టి, పళ్లతో ముడి బిగించింది. కుడిచేతి బొటనవేలు కదలదు, పక్క రెండు వేళ్లకి స్పర్శ లేదు. అందుకని దువ్వెనని ఆ అరచేతికి రబ్బరు పట్టీతో కట్టుకుంది. ఎడమచేతిలో కత్తెర. అది ఎడమచేతి వాళ్ల కోసం చేసిన కత్తెర. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే రెండు రెక్కలూ ఎడంగా జరిగి, వెంట్రుక తెగకుండా మధ్యలో మడత పడుతుంది. ఆ సంగతి ఆమెకి మొదటి నెలలోనే తెలిసింది, పాపం పోస్టుమాస్టరు నెత్తి మీద. కుర్చీని కూడా ఊడదీయించి అద్దానికి ఇంకో పక్కకి బిగించుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు కుర్చీకి కుడిపక్కన నిలబడ్డ కాళ్లు ఇప్పటికీ అటువైపే పోబోతాయి.

"లక్షాధికారివి. ఇంకా నా బోడి జుట్టు కత్తిరించే ఖర్మ నీకేంటే?" అన్నాడు ఎల్డన్.

"డబ్బు చేతికి రాలేదుగా. బాయ్సెన్ అర్జీ మీద రేపు పదింటికి జడ్జి ముందు వాదన ఉంది."

"కాఫీ కొట్లో అనుకుంటున్నారు, జడ్జి హాగ్లండ్ కోసేస్తాడట."

"ఎందుకు కోస్తాడు? జూరీలో ఊరివాళ్లు ఎనిమిది మంది నాలుగు రోజులు కూర్చుని విన్నారు. వాళ్లు రాసింది కొట్టెయ్యడానికి ఈయనెవరు?"

"కొట్టెయ్యడు. తగ్గిస్తాడు. జూరీ మరీ ఎక్కువ రాసిందనుకుంటే జడ్జి తగ్గించొచ్చట. మా మేనల్లుడు చెప్పాడు."

"మీ మేనల్లుడు పశువుల డాక్టరు కదా!"

"అయితే ఏం? చదువుకున్నవాడేగా."

ఆమె అతని చెవి వెనక కత్తెర మొనతో చిన్నగా కొరుకుతూ పోయింది. బాయ్సెన్ ఆమెకి పద్నాలుగు లక్షల డాలర్లు కట్టాలని ఆ జూరీ అన్నరోజు ఆమె కుర్చీలోంచి లేవలేకపోయింది. డబ్బు లెక్క ఆ తర్వాత సంగతి. బాయ్సెన్ తరపు బీమా కంపెనీ మనిషి ఆసుపత్రికి వచ్చి "రెండు వేళ్లేగా" అన్నాడు. ఆ మాటకి ఎనిమిది మంది తెలియనివాళ్లు, ఆమె తరపున, నిండు కోర్టులో జవాబు చెప్పినట్టయింది. ఆ జవాబుని రేపు ఎవరో తగ్గిస్తారంటే ఒళ్లు మండిపోతోంది.

వెనకవైపు కత్తిరింపు సగంలో ఉండగా తలుపు గంట మోగింది. గుండ్రటి మొహం, నీలం కోటు, చేతుల్లో వేడి తగలకుండా తువ్వాలు చుట్టిన గాజుగిన్నె. కొంచెం ఆలస్యంగా గుర్తుపట్టింది ఆర్లిస్. ఫెర్న్. బడిలో వంట చేసే ఫెర్న్. జూరీకి పెద్దగా కూర్చున్నది ఆమే.

"జూరీ పని అయిపోయింది కదా, ఇప్పుడు మాట్లాడొచ్చన్నారమ్మా. అందుకే వచ్చాను," అంటూ ఫెర్న్ గిన్నెని గట్టు మీద సీసాలు జరిపి పెట్టింది. బంగాళదుంపలూ జున్నూ వేసి కాల్చిన కాసరోల్. "మేం ఎనిమిది మందిమీ ఏడ్చాం తెలుసా? లోపల గదిలో రుమాళ్లు చాల్లేదు."

"మీరు చేసిన మేలు..." అంటూ ఆర్లిస్ తడబడింది.

"మేలేముంది? ఆ బుడగల సంగతి చెప్పావు చూడు, అప్పుడే మా కడుపు తరుక్కుపోయింది. యాభై ఏళ్లు మీదపడుతున్న ఆడమనిషి వెనకగదిలో ఒంటరిగా కూర్చుని, పిల్లలు ఊదే రబ్బరు బుడగలకి సబ్బు నురగ పూసి కత్తితో గీస్తోందంటే! ఎంత దుస్థితి! అప్పుడే నేనన్నాను వాళ్లతో, ఈమె ఇక జన్మలో కత్తెర పట్టే అవసరం లేకుండా రాద్దామని. అందరూ సరే అన్నారు."

కత్తెర ఆర్లిస్ చేతిలోనే ఉంది. ఎల్డన్ మెడ వెనక వెంట్రుకలు దాని మీద రాలి ఉన్నాయి. ఫెర్న్ కళ్లు దాని మీద పడ్డాయి, మళ్లీ పక్కకి జరిగాయి.

"అలవాటైన ప్రాణం కదా, పాపం," అంది. ఆర్లిస్ కుడిచేతిని, దువ్వెన కట్టి ఉన్నదాన్ని ఉన్నట్టే, రెండు చేతులతో పట్టుకుని నిమిరింది. "ఇక విశ్రాంతి తీసుకో తల్లీ. గిన్నె తొందరేం లేదు, నిదానంగా ఇద్దువు."

ఆమె మంచిది. ఆ ఊళ్లో ఆకలిగా బడికొచ్చిన పిల్లలకి రెండో గరిటె వడ్డించే మనిషి. అయినా ఆమె వెళ్లాక ఆర్లిస్ చాలాసేపు కత్తెర కదపలేదు.

ఎల్డన్ అద్దంలోంచి గిన్నె వంక చూశాడు. ఆ ఊళ్లో అలాంటి గిన్నె తువ్వాలు చుట్టి తెచ్చేది ఎవరైనా పోయిన ఇంటికి.

"ఎవరు పోయారట?" అన్నాడు.

"నేనేనేమో. తల వంచు."

*

జడ్జి హాగ్లండ్ తన బల్ల వెనక కూర్చోగానే ఆర్లిస్ కళ్లు మామూలుగానే ఆయన ఎడమచెవి మీదికి పోయాయి. విచారణ జరిగిన అన్ని రోజులూ ఆ చెవి ఆమెని వేధించింది. ఇంట్లో, వంటగది స్టూలు మీద కూర్చోబెట్టి చేసిన క్షవరం అది. ఆ పక్క అర అంగుళం పొడుగు. కోర్టులో ఎవరికీ పట్టినట్టు లేదు. ఆమెకి మాత్రం లేచి వెళ్లి సరిచెయ్యాలని చేతులు దురద పెట్టాయి.

ముందు అవతలి లాయరు లేచాడు. నున్నటి మనిషి, నున్నటి గొంతు. జూరీ వారు కనికరంతో రాశారు తప్ప సాక్ష్యం చూసి రాయలేదన్నాడు. నొప్పికి నాలుగు లక్షలా అన్నాడు. ఇక ముందు పోగొట్టుకునే సంపాదనకి తొమ్మిది లక్షలా అన్నాడు. షాపు కిటికీలోంచి తీయించిన ఫోటోలు మళ్లీ బయటికి తీశాడు. అందులో ఆర్లిస్ పోస్టుమాస్టరు జుట్టు కత్తిరిస్తోంది.

ఆమె లాయరు మాలెన్ రాజధాని నుంచి వచ్చేవాడు. ఆవేశం వస్తే మెడ ఎర్రబడుతుంది. "కాలు విరిగిన మనిషి గోడ పట్టుకుని రెండడుగులు వేస్తే, అదిగో పరుగెత్తుతోందన్నట్టుంది మా మిత్రుడి వాదన," అన్నాడు. "జూరీ మాట మీద జడ్జి కలం పడకూడదు."

హాగ్లండ్ ఇద్దరినీ చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కళ్లజోడు తీసి గౌను అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆసుపత్రి ఖర్చు లక్ష. దాని మీద ఎవరికీ తగాదా లేదు," అన్నాడు. ఆయన గొంతు చిన్నది. వెనక బెంచీల వాళ్లు ముందుకి వంగారు. "నొప్పికి జూరీ నాలుగు లక్షలు రాసింది. తగ్గించమని అడిగారు. నేను తగ్గించను. ఆ చెయ్యి నాది కాదు. అది పలక కింద ఉన్నంతసేపు ఎలా ఉందో ఆమె చెప్పింది, ఎనిమిది మంది విన్నారు, నేనూ విన్నాను. నేనైతే ఎంత రాసేవాణ్ణన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బుద్ధి ఉన్న మనుషులు ఆ సాక్ష్యం విని అంత రాయగలరా అన్నదే ప్రశ్న. రాయగలరు."

మాలెన్ బల్ల కింద ఆర్లిస్ మోచేతిని తట్టాడు.

"ఇక సంపాదన. జూరీ తొమ్మిది లక్షలు రాసింది. దీన్ని రెండు లక్షలకి తగ్గిస్తున్నాను."

ఏడు లక్షలు పోయాయి! ఒక్క మాటతో! ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు, ఆమెకి వినబడటం లేదు. చెవి పక్కన వేలాడే ఆ అర అంగుళం జుట్టు మాత్రం కనబడుతోంది. వంటింటి క్షవరంవాడు, వీడికేం తెలుసు నా పని విలువ అనుకుంది.

"...ఎందుకో ఆమెకి తెలియాలి," అంటున్నాడు జడ్జి. ఆయన లాయర్లని చూడటం లేదు. తననే చూస్తున్నాడు. "ఈ జిల్లాలో రెండు చేతులూ బాగున్న మంగలి కూడా మిగిలిన ఉద్యోగకాలంలో తొమ్మిది లక్షలు సంపాదించడు. అది ఒకటి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ అంకె నిలబడాలంటే ఈమె ఇక ఎన్నటికీ ఈ పని చెయ్యలేదన్నది నిజం కావాలి. నేను సాక్ష్యం మొత్తం మళ్లీ చదివాను. ఆ మాట అందులో ఎక్కడా లేదు. డాక్టరు అనలేదు. ఆమె అసలే అనలేదు."

ముందున్న కాగితాలు తిప్పాడు.

"అవతలి లాయరు గారు ఆమెని అడిగారు, మీరు కత్తితో గడ్డం గీయగలరా అని. ఆమె జవాబు: ఇంకా రాలేదు. ఇంకా అంటే ఏమిటని అడిగారు. జవాబు: బుడగల మీద నేర్చుకుంటున్నాను. ఎన్ని పగిలాయని అడిగారు. జవాబు: లెక్కపెట్టలేదు, ఈమధ్య తక్కువ పగులుతున్నాయి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. హాగ్లండ్ తలెత్తాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నేను ఈ బల్ల వెనక పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాను. ఈ మాటలు తనకి నష్టం చేస్తాయని ఆమెకి తెలుసు. ప్రమాణం చేసిన మనిషి కనుక చెప్పింది. అంతటి సాక్ష్యాన్ని నేను విననట్టు నటించలేను. ఈ బుడగల మాట విని జూరీ జాలిపడింది. అది వాళ్ల మంచితనం. నాకు మాత్రం ఆ మాటలో పని నేర్చుకుంటున్న మనిషి కనిపించింది. పని మొదటిసారి నేర్చుకునేవాళ్లు కూడా బుడగలతోనే మొదలుపెడతారని ఆమే చెప్పింది. పని చెయ్యని కాలానికీ, ఇప్పుడు సగం చేస్తున్నదానికీ, పూర్తిగా కుదురుకోవడానికి పట్టే ఏళ్లకీ, సాక్ష్యం ఎంత ఎక్కువ ఒప్పుకుంటే అంత ఇచ్చాను. అది రెండు లక్షలు. మొత్తం ఏడు."

కాగితాలు సర్దాడు.

"ఇది బలవంతం కాదు. ఒప్పుకుంటే ఏడు లక్షలకి తీర్పు ఖాయం. ఒప్పుకోకపోతే కొత్త జూరీ ముందు కొత్త విచారణ. శుక్రవారం కోర్టు మూసేలోగా చెప్పాలి." ఆగి, కొంచెం మెల్లగా, "మేడమ్, తొందరేం లేదు. ఆలోచించుకోండి," అన్నాడు.

*

వరండాలో మాలెన్ మెడ పూర్తిగా ఎర్రబడి ఉంది.

"ఆ బుడగల మాట ఎత్తొద్దని నేను చెప్పానా, లేదా?"

"అడిగారు కదా మరి."

"గుర్తులేదు అనాలి! షాపు వైపు వెళ్లొద్దన్నాను, వెళ్లావు. కత్తెర ముట్టొద్దన్నాను, ముట్టావు. ఆ ఫోటోలు వాళ్లకి నువ్వే చేజేతులా ఇచ్చావు." అంతలో తమాయించుకుని, ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. రెండేళ్లు పైసా తీసుకోకుండా కేసు మోశాడు. "చూడు ఆర్లిస్, ఒప్పుకోకు. ఇంకో జూరీ ముందుకి వెళ్దాం. ఈసారి పద్ధతిగా చేద్దాం. పద్నాలుగు కాకపోయినా పది ఎక్కడికీ పోదు."

"పద్ధతిగా అంటే?"

"షాపు మూసెయ్. అమ్మేస్తే ఇంకా మంచిది. ఇంట్లో కూర్చో. ఎవరి తలా ముట్టుకోకు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, చెయ్యి ఎలా ఉందంటే, ఎలా ఉందో అలాగే ఉందని చెప్పు. బుడగలు పారెయ్."

"ఎన్నాళ్లు?"

"ఏడాదో, ఏడాదిన్నరో. ఆ తర్వాత జీవితమంతా హాయిగా ఉంటావు."

ఆర్లిస్ ఒళ్లో ఉన్న చేతుల్ని చూసుకుంది. కుడిచెయ్యి ఎడమచేతి కింద దాగి ఉంది. కోర్టుకి వచ్చిన రోజులన్నీ అది అలాగే దాక్కుంటోంది. సిగ్గేసి ఎడమచేతిని పక్కకి తీసింది.

"శుక్రవారం చెబుతాను," అంది.

*

గురువారం షాపు తెరవలేదు. మాలెన్ చెప్పిన బతుకు ఎలా ఉంటుందో ఒక్కరోజు బతికి చూద్దామనుకుంది. కాఫీ పెట్టుకుని ఇంటి ముందు మెట్ల మీద కూర్చుంది. అక్టోబరు ఎండ బాగుంది. మొక్కజొన్న కోసే యంత్రాల రొద దూరంగా వినిపిస్తోంది. దారిన పోయేవాళ్లు చెయ్యి ఊపారు. రోజూ ఊపినట్టు కాదు, జబ్బుమనిషికి ఊపినట్టు.

కాఫీ అయిపోయింది. ఇంకో కప్పు తాగింది. పేపరు చదివింది. అందులో తన సంగతే ఉంది, పేజీ తిప్పేసింది. పక్కింటి కుక్క వచ్చి మోకాళ్ల దగ్గర పడుకుంది. దాని కళ్ల మీద వెంట్రుకలు పడి దానికి దారి కనబడుతోందో లేదో అనిపించింది. కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది. కళ్లు అయ్యాక చెవులు, చెవులు అయ్యాక మెడ. మధ్యాహ్నానికి ఆ కుక్క ఊళ్లోకెల్లా శుభ్రంగా తయారై, తన ఇంటివాళ్లే గుర్తుపట్టని అవతారంలో ఇంటికి పోయింది.

ఆర్లిస్ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పూర్తిగా ఒక్క పూట కూడా ఖాళీగా కూర్చోలేని మనిషి, ఏడాదిన్నర కూర్చుంటుందట! కూర్చున్నా, ఆ తర్వాత కోర్టులో నిలబడి, ప్రమాణం చేసి, నాకేమీ చేతకాదని చెప్పాలట. అది అబద్ధం. అంతకన్నా భయమేమిటంటే, ఏడాదిన్నర ఖాళీగా ఉంటే అది నిజమైపోతుంది.

ఫెర్న్ గిన్నె కడిగి తుడిచి సంచిలో పెట్టుకుని షాపుకి వెళ్లింది. ముందు తలుపు తెరవకుండా వెనకగదిలో దీపం వేసి, డబ్బాలోంచి ఎర్ర బుడగ తీసి ఊదింది. కుళాయి గొట్టానికి కట్టింది. నురగ కలిపి, బ్రష్షుతో గుండ్రంగా, తలకాయకి పూసినట్టు పూసింది. మంగలికత్తిని తోలుపట్టీ మీద ముందుకీ వెనక్కీ తిప్పింది. పట్టీ కొసని బిగించి పట్టాల్సింది కుడిచెయ్యి. కుడిచేతికి పట్టు లేదు, అందుకని ఒక కొసని తలుపు గొళ్లేనికి తగిలించి, రెండో కొసని నడుంకి కట్టుకుని వెనక్కి లాగి బిగించింది.

చర్మం సాగదీయడం అసలు పని. కత్తి గీయదు, సాగిన చర్మం గీయించుకుంటుంది. బొటనవేలు కదలని కుడిచేతితో ఎలా సాగదీయాలో ఇన్నాళ్లూ తెలియలేదు. వేళ్లతో ప్రయత్నించిన ప్రతిసారీ బుడగ ఠప్పుమనేది. ఇవాళ వేళ్లని వదిలేసి, అరచేతి మడమ ఆనించి మెల్లగా పైకి నెట్టింది. కత్తిని వాలుగా పెట్టి దించింది. నురగ వెనక ఎర్రటి దారి తేలింది. ఇంకోసారి. ఇంకోసారి. బుడగ కింది భాగం, మెడ ఉండే చోటు, అక్కడే ఎప్పుడూ పగిలేది. ఊపిరి బిగబట్టలేదు. ఊపిరి బిగబడితే చెయ్యి వణుకుతుంది.

నురగంతా పోయింది. బుడగ తళతళలాడుతూ కుళాయికి వేలాడుతోంది.

ముందు తలుపు దబదబ బాదుతున్నారు. తీస్తే ఎల్డన్.

"రోజూ ఈ పాటికి ఠప్ ఠప్ మని వినబడేది. ఇవాళ చప్పుడు లేదు. చచ్చావేమోనని వచ్చాను."

ఆమె వెనకగది వైపు తల ఊపింది. అతను వెళ్లి బుడగ చుట్టూ తిరిగి చూశాడు. వేలితో పొడిచాడు.

"పగల్లేదు," అన్నాడు.

"పగల్లేదు."

"ఆ హాగ్లండ్ పిసినిగొట్టు వెధవని వచ్చే ఎన్నికల్లో ఇంటికి పంపాలని కాఫీ కొట్లో తీర్మానించారు. ఏడు లక్షలు మింగేశాడట!"

"నోరు ముయ్యమను వాళ్లని," అంది ఆర్లిస్. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. "నా లాయరు నా చేతకానితనాన్ని అమ్మాడు. అవతలివాడు నన్ను దొంగన్నాడు. జూరీ నన్ను చూసి ఏడ్చి, చావుభోజనం పంపింది. ఆ గదిలో నన్ను మంగలిగా చూసినవాడు ఆయన ఒక్కడే. సాక్ష్యమంతా మళ్లీ చదివాడట. ఎవరు చదువుతారు అంత? నొప్పి జోలికి రానన్నాడు, అది నాది కాదన్నాడు. అలాంటి మనిషిని తిట్టకు నా ముందు."

ఎల్డన్ గడ్డం నిమురుకున్నాడు. చాలాసేపు నిమురుకున్నాడు.

"అయితే రేపు పొద్దున్నే వస్తాను," అన్నాడు.

*

శుక్రవారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ ఎక్కి, చేతులు రెండూ పిడుల మీద పెట్టి, తల వెనక్కి వాల్చాడు.

"ముందు కత్తెరతో పొట్టి చేస్తాను," అంది ఆమె.

"చెయ్యి. పిచ్చుకలకి ముందే కబురు పెట్టాను."

తెల్లటి గడ్డం గుత్తులు గుత్తులుగా ఒళ్లో గుడ్డ మీద పడింది. ఆ తర్వాత వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మొహం మీద కప్పింది. ఒంటిచేత్తో తువ్వాలు పిండటానికి దాన్ని కుళాయికి చుట్టి మెలిపెట్టాలి. తువ్వాలు తీసి, నురగ పూసింది. తోలుపట్టీ మీద కత్తి పదునుపెట్టింది. అతని కళ్లు మూసుకుని ఉన్నాయి, పిడుల మీద వేళ్లు మాత్రం బిగుసుకుని ఉన్నాయి.

"భయమా?"

"నాకేం భయం? తెగితే ఎనిమిది మందిని పిలిచి నీ దగ్గర ఏడు లక్షలు రాబడతాను."

"హాగ్లండ్ తగ్గిస్తాడు. ఈ గొంతుకి అంత విలువ లేదని."

అతను నవ్వబోయాడు. "నవ్వకు," అని, అరచేతి మడమ అతని చెంపకి ఆనించి పైకి నెట్టింది. కత్తి దించింది.

బుడగకి ఎముక ఉండదు, ముడతలుండవు, కింద కొట్టుకునే నాడి ఉండదు. మొదటి గీత ఆమెకి యుగంలా గడిచింది. కత్తి మీది నురగని గుడ్డకి తుడిచి చూసింది. తెల్లటి వెంట్రుకలు, రక్తం లేదు. రెండో గీత. చెవి నుంచి దవడ దాకా. దవడ నుంచి గడ్డం దాకా. నడుం తిప్పి, కుర్చీ అవతలికి వెళ్లింది. కాళ్లు ఈసారి వెళ్లాల్సిన వైపుకే వెళ్లాయి.

గొంతు దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద ఫోను మోగింది.

ఎల్డన్ ఒక కన్ను తెరిచాడు. "నీ లాయరు," అన్నాడు, పెదవులు కదపకుండా.

"తెలుసు."

"ఎత్తవా?"

"కత్తి చేతిలో ఉంది."

ఫోను మోగి మోగి ఆగింది. ఆమె గొంతు మీద చర్మాన్ని మడమతో లాగి, కంఠమణి పక్కన కత్తిని వాల్చి, కింది నుంచి పైకి ఒక్కటే గీత తీసింది. ఇంకొకటి. మిగిలిన నురగని తడిగుడ్డతో తుడిచింది. కుర్చీ లేపి అద్దం వైపు తిప్పింది.

రెండేళ్ల తర్వాత బయటపడ్డ మొహం. ఎండ తగలని చెంపలు పిండి రాసినట్టు పాలిపోయి ఉన్నాయి, గడ్డం మధ్య గుంట అలాగే ఉంది. ఎల్డన్ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి. అది కనబడకుండా దవడ ఎత్తి పరిశీలనలు మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇక్కడ వదిలేశావు. చెవి కింద."

నిజమే. దవడ మలుపులో బొటనవేలంత మేర తెల్లగా మిగిలి ఉంది. ఆర్లిస్ వంగి చూసింది. సిగ్గేస్తుందనుకుంది, వెయ్యలేదు. పని నేర్చుకున్న మొదటి సంవత్సరమంతా ఆ చోటే వదిలేసేది, కుడిచేత్తో కూడా.

"వెనక్కి వాలు," అని మళ్లీ నురగ పూసింది.

ఫోను మళ్లీ మోగింది.

"నువ్వెత్తు," అంది ఆమె. "జడ్జి గారు చెప్పింది ఒప్పుకున్నానని చెప్పు. మధ్యాహ్నం వచ్చి సంతకం పెడతానని చెప్పు."

ఎల్డన్ చెయ్యి చాపి ఫోను అందుకున్నాడు. ఫోనుకి నురగ అంటింది.

"ఆ, ఆర్లిస్ షాపే... కాదు, నేను ఎల్డన్ని... జడ్జి మాటే ఖాయమంటోంది... అవునయ్యా, ఏడే... ఆలోచించే చెబుతోంది... సంతకం మధ్యాహ్నం పెడుతుందట." అవతలి గొంతు పెద్దదై గదిలోకి వినబడింది. ఎల్డన్ ఫోనుని కాస్త దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇప్పుడు మాట్లాడటం కుదరదు లాయరుగారూ. పనిలో ఉంది."

ఫోను పెట్టేసి తల వాల్చాడు. ఆర్లిస్ అరచేతి మడమతో అతని చెవి కింది చర్మాన్ని పైకి నెట్టి, కత్తి ఆనించింది.